పిడికెడు తవుడికి బదులు

నేను ఒక చివర లేని పుస్తకాన్ని.

చినిగిపోయి కాదు, చెదలు తినీ కాదు. పుట్టుకతోనే లేదు. అట్ట ఉంది, అట్ట మీద కిరీటంలా జుట్టు కట్టుకున్న నల్లపిల్ల బొమ్మ ఉంది, లోపల బోలెడంత కథ ఉంది. ఆ కథ చివరికి ఏమైందో చెప్పే పేజీలు మాత్రం నాలో ఎప్పుడూ లేవు.

హైదరాబాదులో ఒక బైండింగు షాపులో పుట్టాను. అచ్చయిన పెద్ద కాగితాన్ని పదహారు పేజీలుగా మడిస్తే దాన్ని ఫారం అంటారు. ఫారాలను పొడవాటి బల్లకు రెండు వైపులా కుప్పలుగా పేరుస్తారు. ఆడవాళ్లు బతుకమ్మ ఆడినట్టు ఆ బల్ల చుట్టూ తిరుగుతూ కుప్పకొకటి చొప్పున ఏరుకుంటూ పోతారు. ఒక చుట్టు పూర్తయితే ఒక పుస్తకం. నన్ను ఏరిన ఆమె పేరు తెలియదు. బల్ల కింద చీర ఉయ్యాలలో ఆమె పసిపిల్ల పడుకుని ఉంది. నాకు ఇక చివరి ఫారం ఒక్కటే మిగిలిందనగా ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆమె నన్ను చంకలో పెట్టుకునే బల్ల కిందికి దూరి, పాలిచ్చి, ఊరుకోబెట్టి, అదే తొందరలో బల్లకు అవతలి వైపు లేచింది. చివరి కుప్ప అనుకుని మధ్య కుప్పలోంచి ఇంకొకటి తీసి నాకు చేర్చింది. అలా నా చివర ఉండాల్సిన చోట నా మధ్యలో ఉన్న అధ్యాయమే మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆమెను నేనేమీ అనను. పిల్ల ఏడుస్తుంటే ఏ కుప్ప ముందు నిలబడ్డానో ఏ తల్లికి గుర్తుంటుంది?

నాలో ఉన్నది ఆఫ్రికాలో పుట్టిన కథ. అక్కడి అవ్వలు చెప్పుకునే దేవతలను, దయ్యాలను పోగు చేసి, పెద్దవుతున్న పిల్లల కోసం ఎవరో నవలగా రాస్తే ఇంకెవరో తెలుగు చేశారు. చేపలన్నిటినీ కన్న నదితల్లి ఉంటుంది. అడవిని నరికి మిగతా దేవతలకు దారి వేసిన ఇనుప దేవుడు ఉంటాడు. మిట్టమధ్యాహ్నం సంతలో మనుషుల మధ్యనే దయ్యాలు బేరాలాడుతుంటాయి. వంగి కాళ్ల సందులోంచి చూస్తే ఎవరి పాదాలు నేలకు ఆనలేదో తెలిసిపోతుంది. వీళ్లందరి మధ్యా ఒక పిల్ల. ఆమె అబికు. అంటే చనిపోవడానికే పుట్టే బిడ్డ. ఒకే తల్లి కడుపున పుడుతూ, పోతూ, మళ్లీ పుడుతూ ఉంటుంది. ఇరోకో చెట్టు తొర్రలో ఉండే స్నేహితులకు, త్వరగా తిరిగొస్తానని ఒట్టేసి వస్తుంది కాబట్టి. ఈసారైనా దక్కాలని తల్లి ఆమెకు అకిసతాన్ అని పేరు పెట్టింది. గుడ్డపేలికలు అయిపోయాయి అని ఆ పేరుకు అర్థం. నిన్ను చుట్టి పూడ్చడానికి ఇంట్లో పాతగుడ్డ కూడా మిగల్లేదు, ఇక పోకు తల్లీ అని.

నన్ను మొదట కొన్న కుర్రవాడు పుస్తకాల పండగలో కొన్నాడు. గదికి తీసుకెళ్లి, కాఫీకప్పు పక్కన పడుకోబెట్టి ఫొటో తీసి, తప్పక చదవాల్సిన పుస్తకం అని నలుగురికీ పంపాడు. చాలామంది మెచ్చుకున్నారట. నన్ను మాత్రం తెరవలేదు. తెరిచి ఉంటే నా లోపం అప్పుడే బయటపడేది, దుకాణంలో మార్చుకునేవాడు, ఈ కథ ఇలా జరిగేది కాదు. గది మారేటప్పుడు నన్ను తూకానికి అమ్మేశాడు. అక్కణ్నుంచి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వచ్చి ఎండలో పడ్డాను.

అక్కడ ఒక ఆటో ఆగింది. నడిపేవాడి పేరు నర్సింలు. అతనికి చదువు అంతంత మాత్రం. అట్ట మీది పిల్ల బొమ్మ చూసి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

“బొమ్మలున్నయా అన్నా ఇండ్ల?”

“బొమ్మలెందుకే? కథున్నది. దయ్యాల కథ.”

“దవఖాన్ల ఉన్న పోరికి దయ్యాల కథనా!” అంటూనే కొన్నాడు.

అలా పిల్లల గుండె వార్డుకు వచ్చాను.

మంచం మీద ఉన్న నర్సింలు కూతురికి తొమ్మిదేళ్లు. పెదవులు, గోళ్లు నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉంటాయి. గుండెలో రంధ్రం. నాలుగడుగులు వేస్తే గొంతుక్కూర్చుని ఎగపోస్తుంది. పేరు పెంటమ్మ. మంచం పక్కన కింద చాప మీద ఉండేది తల్లి స్వరూప. వయసు చూస్తే పిల్లకు అక్కలా ఉంటుంది. తొమ్మిదో తరగతి సగంలో బడి మాన్పించి పెళ్లి చేశారు. ఆమె చదువుతుంటే వేలు నా అక్షరాల కింద నడిచేది. ఒత్తుల దగ్గర ఆగేది, వెనక్కి పోయేది, మళ్లీ వచ్చేది. నన్ను చదివిన మొదటి మనిషి ఆమే. ఆ వేలికి ఎప్పుడూ చెమట.

డాక్టరు మంచివాడే. మొదటి రోజే ఒక మాట చెప్పాడు: “ఈ పాపను ఏడవనీయకండమ్మా. ఏడిస్తే నీలం ఎక్కువవుతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషను దాకా ఎట్లనైనా సంతోషంగా ఉంచండి.” చెప్పి వెళ్లిపోయాడు. ఒక తల్లికి ఇంతకంటే భయంకరమైన పని ఇంకెవరైనా చెప్పగలరా? సూది పొడిచినా, ఆకలేసినా, అమ్మమ్మ గుర్తొచ్చినా ఆ పిల్ల ఏడవకూడదు. ఆ పని కోసం స్వరూప చేతిలో ఉన్నది నేనొక్కదాన్నే.

నేనూ నా వంతు చేశాను. నదితల్లి వచ్చినప్పుడు పెంటమ్మ మందు కక్కకుండా మింగింది. సంత అధ్యాయం చదివిన రోజు వార్డంతా తలకిందులైంది. తను వంగితే ఆయాసం వస్తుందని పక్క మంచాల పిల్లలను వంగమంది. వచ్చేపోయేవాళ్ల పాదాలను వాళ్లు కాళ్ల సందుల్లోంచి చూసి చెప్పాలి.

“డాక్టర్ సార్ కాళ్లు ఆనుతున్నయా?”

“ఆనుతున్నయి.”

“అయితే మనిషే. సిస్టర్?”

“ఆమె మస్తు ఉరుకుతున్నది, తెలుస్తలేదు.”

“ఆమె మీద నాకు డౌటున్నది,” అంది పెంటమ్మ.

నర్సు వచ్చి అందరినీ కసిరింది గానీ, బయటికి వెళ్తూ తన చెప్పులకేసి ఒకసారి చూసుకుంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఊడ్చే పోశవ్వ. “నా కాళ్లు సూడుండ్రి పోరగాండ్లు! ఈ పినాయిల్ నీళ్లల్ల నానీ నానీ నేలకే అతుక్కున్నయి,” అని పాదం ఎత్తి చూపించింది.

అకిసతాన్ పేరు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పెంటమ్మ లేచి కూర్చుంది.

“ఆమెది గూడ పాడు పేరేనా అమ్మా? నా లెక్కనే?”

బడిలో ఆ పిల్లను అందరూ ఏడిపిస్తారు. చెత్తబండి పాట వినబడితే చాలు, “పెంటా, మీ బండొచ్చింది, ఎక్కు!” అంటారు. అలాంటి పేరున్న పిల్ల ఇక్కడ ఇనుప దేవుడి కత్తి పట్టుకుని అడవిలోకి నడుస్తోంది. ఆ రోజు నా అట్టను పెంటమ్మ తన చెంపకు ఆనించుకుని పడుకుంది. మొదటి యజమాని తీసిన ఫొటో కంటే నాకు దక్కిన గౌరవం అదే పెద్దది.

కానీ ఆ రోజు నుంచే స్వరూప చదివే తీరు మారింది. పెంటమ్మకు ముందు ఆమెకు ఇద్దరు పుట్టారు. ఒక కొడుకు, ఒక కూతురు. ఇద్దరూ ఏడాది తిరగకముందే పోయారు. అబికు అంటే ఏమిటో చెప్పే పేరాను ఆమె గబగబా చదివేసింది. అప్పటినుంచి చావు అన్న మాట ఎక్కడ వచ్చినా దాటేసేది. “ఊరికి పోయిండు” అని చదివేది. రాజు ఊరికి పోయాడు. ముసలి వేటగాడు ఊరికి పోయాడు. ఏనుగు కూడా ఊరికే పోయింది.

“అమ్మా, అందరు ఊరికే పోతున్నరేందే? ఏ ఊరది?” అంది పెంటమ్మ.

స్వరూప నన్ను మూసి, దండెం మీది తువ్వాలు తీసుకుని బయటికి వెళ్లింది. పిల్ల ముందు ఏడవకూడదు, పిల్ల ఏడుస్తుంది.

ఆపరేషను రేపనగా ఆ మధ్యాహ్నం పిల్ల మెల్లగా అడిగింది. “అమ్మా, అన్న, అక్క పోయిన్రు గదా. వాళ్లు నా దోస్తులా? నన్ను రమ్మంటున్నరా? రేపు మత్తుసూది ఇచ్చినంక వాళ్లు అస్తరా?”

“నోర్మూయి! ఏం మాటలే అవి?”

“అకిస దగ్గరికి అస్తున్నరు గదా. ఆమె పోతదా, ఉంటదా? అది చదువు. అది తెలిస్తెనే నేను ఆపరేషన్‌కు పోత. లేకుంటే పోను.” పెదవి వంకర తిరిగింది. నీలం చిక్కబడటం కళ్లముందే కనిపించింది.

స్వరూప గబగబా పేజీలు తిప్పింది. ఇద్దరం చివరికి వచ్చేశాం. నాలో ఉన్న చివరి వాక్యాలు ఇవి: ‘చెట్టు తొర్రలోంచి స్నేహితులు ఒక్కొక్కరే దిగి గుమ్మం ముందుకు వచ్చారు. మా పిల్లను మాకు ఇచ్చేయ్ అన్నారు. అకిసతాన్ తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె వాళ్లతో ఇలా అన్నది’. అక్కడ పేజీ అయిపోతుంది. ఎదుటి పేజీలో మళ్లీ సంత. మళ్లీ ఉల్లిగడ్డల బేరం, నేలకు ఆనని పాదాలు.

ఆమె ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది, నన్ను తలకిందులుగా పట్టుకుని దులిపింది. ఎక్కడైనా దాచుకున్నానేమో అన్నట్టు చూసింది. లేని పేజీలను నేనెక్కడినుంచి తేను? ఆ నిమిషంలో నేను పుట్టకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆ బల్ల చుట్టూ తిరిగిన మిగతా పుస్తకాలన్నిటి దగ్గరా ఆ ఫారం ఉంది. ఈ ఒక్క తల్లి చేతిలో పడ్డ నా దగ్గరే లేదు.

“అక్షరాలు అలికినట్టున్నయి బిడ్డా. కండ్లు గుంజుతున్నయి. పొద్దుగాల చదువుత,” అని చెప్పి వరండాలోకి పరుగెత్తింది. నా మొదటి పేజీలో అచ్చువేసినవాళ్ల ఫోను నంబరుంది. కలిసింది. ఎవరో పెద్దాయన.

“ఆ పుస్తకమా? ఒక్క కాపీ లేదమ్మా. గోడౌన్లోకి నీళ్లొచ్చి కట్టలకు కట్టలు ముద్దయిపోయాయి.”

“పుస్తకం వద్దు సార్. ఆఖరికి ఏమైతదో చెప్పుండ్రి చాలు. ఆ పిల్ల ఉంటదా, పోతదా?”

“చదివి చాన్నాళ్లయిందమ్మా… వెళ్లిపోతుందనుకుంటాను. అవునవును, వెళ్లిపోతుంది. ఏం ముగింపమ్మా అది! కన్నీళ్లాగవు.”

మనుషుల్లో ఇదొక వింత. ఇంకొకరి బిడ్డ పోతే ముగింపు బాగుందంటారు.

స్వరూప ఫోను పెట్టేసి నన్ను చూసింది. ఆ కోపంతోనే వార్డులోకి వచ్చి మంచం కిందికి విసిరేసింది. చెప్పుల మధ్య, మూత్రం సీసా పక్కన బోర్లా పడ్డాను. పడాల్సిందే అనుకున్నాను. ఆ పిల్ల తలలోకి ఆ మాటలు ఎక్కించింది నేనే కదా.

పొద్దున్నే పోశవ్వ చీపురు తగిలి బయటికి వచ్చాను. అప్పటికే పిల్లకు ఆకుపచ్చ గౌను తొడిగారు. స్ట్రెచరు తలుపు దగ్గర ఉంది. నర్సింలు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, మొహం గోడవైపు.

“చదువు,” అంది పెంటమ్మ.

స్వరూప నన్ను తెరిచింది. వేలు పెట్టింది. సంత పేజీ మీద వేలు పెట్టి, లేనిదాన్ని చదవసాగింది. “అప్పుడు అకిస తల్లి అన్నది… పోండ్రి… మీరు పోండ్రి అన్నది. వాళ్లు పోయిన్రు. అకిస మంచిగున్నది. కథ అయిపోయింది.”

పిల్ల మెడ చాచి చూసింది. దాని చదువు ఇంగ్లీషుది, తెలుగు కూడబలుక్కుంటుంది. అయినా ఆ పేజీ మూల ఉన్న తాబేలు బొమ్మను గుర్తుపట్టింది.

“ఇది సంతది. ముందే చదివినవ్. అమ్మా, నువ్వు అబద్ధం చెప్తున్నవ్. అకిస పోయింది గదా? పోయిందని నాకు చెప్తలేవు.” ఊపిరి ఎగదన్నింది. గోళ్లు నల్లబడ్డాయి. నర్సు పరుగెత్తుకొచ్చింది. “ఏడిపించొద్దన్నామా లేదా!”

స్వరూప నన్ను మూసేసింది.

“ఇండ్ల లేదు బిడ్డా. ఒట్టు. ఆఖరి కాగితాలు ఇండ్ల లేనే లేవు. కానీ ఆ తల్లి ఏమన్నదో నాకు తెల్సు.”

“ఎట్ల తెల్సు?”

“నేను గూడ అన్న గాబట్టి.”

పిల్ల ఏడుపు మింగి చూసింది. నర్సు కూడా ఆగింది.

“నీ అన్న పోయిండు, అక్క పోయింది. నువ్వు పుట్టంగనే మీ నాయినమ్మ నిన్ను ఎత్తుకపోయి పెంటకుప్ప మీద పొర్లించింది. చేటల ఏసి ఆన్నే పెట్టొచ్చింది. పక్కింటామె పోయి, నాకు పెంట మీద బిడ్డ దొరికిందని ఎత్తుకున్నది. నేను పిడికెడు తవుడు ఆమె చేతుల పోసి నిన్ను కొనుక్కున్న. అందుకే పెంటమ్మవు. ఎవరన్న అచ్చి నీ బిడ్డను ఇయ్యమంటే నేనేమనాలె? నాకు బిడ్డ యాడిదయ్యా, ఇది పెంట మీద దొరికిన పిల్ల, తవుడుకు కొనుక్కున్న, నా కడుపుల పుట్టింది కాదు, మీరు అడుగుతున్న పిల్ల ఇది కాదు అనాలె. అకిస తల్లి గదే అన్నది. వాళ్లు మొహాలు మొహాలు సూసుకున్నరు. ఒట్టేసింది ఆమె బిడ్డ, దొరికిన పిల్లతోని వాళ్లకేం పని? ఎటొచ్చినోళ్లు అటే పోయిన్రు.”

పెంటమ్మ అప్పుడే ఒప్పుకోలేదు. పిల్లలు కథలో కన్నాలు వెతకడంలో గట్టివాళ్లు.

“కానీ నువ్వు కొనుక్కున్నవ్ గదా. ఇప్పుడు నీ బిడ్డనే గదా నేను. లోపట వాళ్లు అడిగితే దొరికిపోత.” తల్లి కొంగు పట్టుకుని, “నన్ను మళ్ల అమ్ము,” అంది.

“ఏందీ?”

“ఇప్పుడే అమ్ము. పోశవ్వకు.”

పోశవ్వ చీపురు కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని పిల్లను ఎగాదిగా చూసింది. “నాకు ముగ్గురున్నరు, ఒక్కడు గూడ మాట ఇనడు. ఇదన్న ఇంటదా?” అని, వెంటనే రెండు చేతులూ చాచింది. “తే బిడ్డా, తే. పెంట ఎత్తేది నేనే గదా, పెంటమ్మ నాది కాకుంటే ఎవరిది?”

స్వరూప కూతుర్ని ఎత్తి ఆ చేతుల్లో పెట్టింది. పోశవ్వ మోసుకెళ్లి స్ట్రెచరు మీద పడుకోబెట్టి, చీపురు అందుకుని తనూ బయల్దేరింది. చక్రాలు కదిలాయి. స్వరూప నన్ను గుండెకు అదుముకుని వెనక నడిచింది. ఆ గుండె కొట్టుకోవడం నా అట్టకు దెబ్బల్లా తగిలింది.

థియేటరు తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒకామె తల బయటపెట్టి అరిచింది. “పెంటమ్మ! పెంటమ్మ తల్లి ఎవరమ్మా?”

పిల్ల తల తిప్పి చూస్తోంది. తల్లి పెదవి కదులుతుందేమోనని చూస్తోంది.

స్వరూప పెదవిని పళ్లతో బిగించింది. రక్తం వచ్చింది. నోరు తెరవలేదు. నా అంచులోకి ఆమె గోళ్లు దిగాయి, ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

“నేనే,” అంది పోశవ్వ, చీపురు పైకెత్తి.

పెంటమ్మ నవ్వింది. తలుపు మూసుకుంది.

కాగితాల మీద సంతకం నర్సింలు పెట్టాడు. తండ్రి ఎవరని దయ్యాలు కూడా అడగవు. “నీకేమన్న పిచ్చి లేసిందా స్వరూపా?” అన్నాడు గానీ, తర్వాత ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. లోపల ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. బయట ఎవరో ఆడమనిషి అడిగింది, “లోపటున్నది నీ బిడ్డనా?”

“కాదు.”

“మరి గంతగనం ఏడుస్తున్నవ్?”

“పోశవ్వ బిడ్డ కోసం,” అంది స్వరూప.

ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని తెరుస్తూ మూస్తూ కూర్చుంది. కన్నీళ్లు పడి సంత పేజీలు ఉబ్బిపోయాయి. దేవుణ్ని మొక్కుకోవాలన్నా ఏమని మొక్కుకుంటుంది? నా బిడ్డను కాపాడు అనడానికి లేదు. ఆ మాట ఎవరు వింటారో! రాత్రంతా ఆ మాట ఆమె నోటి చివరిదాకా రావడం, మింగడం నేను విన్నాను. మనుషులు ప్రేమించడం చాలా చూశాను. ప్రేమను నోట్లో కుక్కుకుని కూర్చోవడం అప్పుడే చూశాను.

మర్నాడు పిల్ల నోట్లోని ఊపిరి గొట్టం తీశాక డాక్టరు బయటికి వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, చిరాకుగా, నవ్వుగా అడిగాడు. “ఇక్కడ పోశవ్వ ఎవరు? నువ్వెవరి బిడ్డవమ్మా అంటే పాప పోశవ్వ బిడ్డను అంటోంది. పేరు మారిందా ఏంటి?”

స్వరూప లేచింది. లోపలికి కాదు, అటువైపు చూడను కూడా చూడలేదు, వార్డు వైపు పరుగెత్తింది. పోశవ్వ మెట్లు కడుగుతోంది.

“అవ్వా! నా… ఆ పిల్లను నాకియ్యి.”

“తవుడు తెచ్చినవా?”

“ఈ పట్నంల తవుడు యాడ దొరుకుతదవ్వా!”

“ఒట్టి చేతులకు ఇస్తనా? ఏదో ఒకటి చెయ్యి మారాలె.” పోశవ్వ మొహంలో నవ్వు లేదు. అది ఆట కాదని ఇద్దరికీ తెలుసు.

స్వరూప చుట్టూ చూసుకుంది. చేతుల్లో నేను తప్ప ఏమీ లేదు. ఒక్క క్షణం నా అట్ట మీది పిల్లను బొటనవేలితో నిమిరింది. నన్ను పోశవ్వ తడి చేతుల్లో పెట్టేసింది.

“గిదేం చేసుకోను? నాకు చదువొస్తదా?”

“బరువున్నది సూడవ్వా.”

పోశవ్వ నన్ను ఎత్తి చూసింది. “ఉన్నది. సరే, పట్టుకపో. నీ బిడ్డ నీదే. కడుపునిండ పెట్టు.”

స్వరూప పరుగెత్తింది. వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. చూడాలని నేనూ కోరుకోలేదు. వరండా చివర ఆమె గొంతు వినిపించింది, అప్పటిదాకా మింగిందంతా ఒక్కసారిగా కక్కినట్టు: “నా బిడ్డా! నా బిడ్డనండీ! నేనే, నేనే తల్లిని!”

పోశవ్వ కొన్నాళ్లు నన్ను బియ్యం డబ్బా కింద ఎత్తుకు పెట్టుకుంది. తర్వాత పాత పేపర్లతో పాటు పంపేసింది. ఇప్పుడు ఆసుపత్రి గేటు బయట మిర్చి బజ్జీల బండి మీద ఉన్నాను. ముందు నుంచి ఒక్కొక్క కాగితం చింపుతున్నారు. నదితల్లి పోయింది. ఇనుప దేవుడు నిన్న నాలుగు ఆలుబజ్జీలతో వెళ్లాడు. తినేవాళ్లు కొందరు నూనె మరకల మధ్య చదువుతారు, కాగితం తిప్పి చూస్తారు, ఉండచుట్టి పడేస్తారు. రేపో మాపో ఆ తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ పేజీ వంతు వస్తుంది. చదివినవాళ్లు ఆమె ఏమన్నదో అని తర్వాతి కాగితం అడుగుతారు. సంత కనబడుతుంది.

అసలు పుస్తకంలో ఆ పిల్ల వెళ్లిపోతుందట. నాకు నమ్మకం లేదు. ఆ ఫారం నేను చూడలేదు. నేను చూసిన తల్లి వేరే మాట అన్నది.